తొమ్మిదో కుట్టు

నా కుట్టు మిషనుకో జబ్బుంది. ఎనిమిది కుట్లు ముత్యాల్లా వేసి, తొమ్మిదోది ఎగ్గొడుతుంది. ఎంతమంది బాగుచేసినా లొంగలేదు. అందుకే ఎవరి బట్ట తిరగేసినా నా కుట్టు ఇట్టే పట్టేస్తాను. అదో గర్వం నాకు.

మా అన్న కూతురు కాలేజీలో మొదటిసారి పాడబోతూ నీలం గుడ్డ తెచ్చింది.

"గౌనుకి చేతులొద్దు బాబాయ్. మెడ కాస్త వెడల్పుగా పెట్టు. అమ్మకి చెప్పకు, నీకొక్కడికే చెబుతున్నా."

"కత్తెర మీద ఒట్టు తల్లీ."

నా నోరు ఊరుకుంటుందా? మర్నాడు వదిన టీ చేతికివ్వగానే అంతా కక్కేశాను. వదిన కోప్పడలేదు.

"నలుగురూ చూస్తారు మరిదీ. మాటలు పడేది అది. చేతులు పెట్టి, మెడ గొంతుదాకా మూసెయ్. వేసుకునేదాకా దానికి చెప్పకు."

"అలాగే వదినా." ఇద్దరికీ ఎంత సులువుగా మాటిచ్చానో.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి షాపంతా చీకటైంది. కరెంటు లేదు. వాన వాసన, మిషను నూనె వాసన. నాది తొక్కుడు మిషనే కదా, కూనిరాగం తీస్తూ మెడ మూస్తున్నాను. వెనక ట్రయల్ రూం పరదా కదిలింది.

"బాబాయ్... బిగుతుగా ఉంది."

"ఎప్పుడొచ్చావే? గౌను నా చేతిలో ఉంటే నీకు బిగుతేంటి?" నవ్వాను.

"గొంతు... ఊపిరాడట్లేదు..."

కాలు ఆపాను.

మిషను ఆగలేదు.

టక్ టక్ టక్... ఎనిమిది. ఖాళీ. మళ్లీ ఎనిమిది...

చక్రం పట్టుకున్నాను. తడిగా, చల్లగా తగిలింది.

"నీకొక్కడికేగా చెప్పాను..."

పరదా లాగాను. అద్దం. కొక్కెం. ఎవరూ లేరు.

అప్పుడు ఆగింది మిషను. గౌను మెడ పూర్తిగా కుట్టేసి ఉంది, వేలు కూడా దూరదు. బ్లేడుతో కుట్లన్నీ విప్పేశాను. వదిన ఏమన్నా సరేననుకుని, పిల్ల అడిగినట్టే చేసిపెట్టాను.

సాయంత్రం పిల్ల వచ్చింది. మెడ చుట్టూ చున్నీ. గౌను చాపి చూపించాను. ముట్టుకోలేదు.

"అమ్మకి చెప్పావా బాబాయ్?"

ఎంత బాగా పాడే గొంతు... గాలి మాత్రమే వచ్చింది.

"లేదు తల్లీ," అన్నాను.

నా మొహంలోకే చూస్తూ చున్నీ తీసింది. గొంతు చుట్టూ సూదిమొనంత ఎర్ర చుక్కలు, వరసగా. వద్దనుకుంటూనే లెక్కపెట్టాను.

ఎనిమిది. ఖాళీ. ఎనిమిది.

చివరి చుక్కలోంచి నీలం దారం కొస ఇంకా వేలాడుతోంది.