ఎనిమిది గదుల గాజు

“ఇంద్రసేనప్పా, నువ్వు ఎప్పుడైనా మైక్రోస్కోపులో చూసినావా, లేకుంటే సామాన్లు అమ్మడం ఒకటేనా?”

బళ్ళారి ల్యాబులో పరిశోధన చేసే చంద్రిక వేసిన మొదటి ప్రశ్న అది. ల్యాబు సామాన్లు అమ్మే ఉద్యోగంలో ఇంద్రసేనకు అది నాలుగో నెల. రూపనగుడిలో నాన్నకు ఆరు లారీలున్నాయి, అన్నీ ఇనుప ఖనిజం మోసేవే. వాటిని వదిలి టై కట్టుకున్నాడని ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు ఈమె కూడా మొదలుపెట్టింది.

“ఏమైంది మేడమ్?”

“కూచోని చూడు.”

చూశాడు. పొగమంచులో గొర్రెల మందలా ఏదో మసకగా కనిపించింది.

“బాగుండాది మేడమ్.”

“ఏం బాగుండాది? అవి ఊపిరితిత్తుల కణాలు, ప్రాణంతో ఉండాయి. గనుల ఎర్రదుమ్ము తగిలితే ఏమైతాయో ఫొటోలు తీయల్ల. కణాలు పెంచేదానికి నువ్విచ్చిన చాంబర్లకు, ఈ గదుల పెట్టెలకు, అడుగున మందం ప్లాస్టిక్. ఈ లెన్సు కింద నుంచి చూస్తాది. దగ్గరికి పోలేక ఆడనే నిలబడిపోతాది, పెళ్లిచూపులకొచ్చిన పిల్లోడి మాదిరి.”

ఇంద్రసేన చెవులు ఎర్రబడ్డాయి. వంగి లెన్సు మీది అంకె చదివాడు. “0.17 మిల్లీమీటర్లు. అంటే అడుగు గాజు అంత పల్చగా ఉండల్లనా?”

“చదువొస్తాదే నీకు.”

మైక్రోస్కోపు బెంగళూరు నుంచి అడిగి తెచ్చుకున్నది. శనివారం సాయంత్రం తిరిగి పంపాలి. ఆ రోజు బుధవారం.

“మా నాయన యశ్వంతనగర్ గనిలో పనిచేస్తాడు. తెల్లారితే దగ్గు” అంది చంద్రిక, ఈసారి నవ్వకుండా.

“మా లారీలు ఆ దోవలోనే తిరుగుతాయి మేడమ్.”

“తెలుసు. నీ టై మీద గూడా ఉండాది దుమ్ము.”

ఇద్దరూ క్యాటలాగు ముందేసుకున్నారు. అతను ఒకటో నంబరు గాజు చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. “అది మరీ పల్చన. ఒకటిన్నర నంబరు చూడు.” పెట్టెలో గదులెన్ని అన్నప్పుడు మాత్రం అతనే ముందన్నాడు: “ఎనిమిది. నాలుగింట్లో దుమ్మెయ్, నాలుగింట్లో వద్దు. పక్కపక్కనే పోల్చుకోవచ్చు.” స్కేలు తెచ్చి, మైక్రోస్కోపు మీద పెట్టె కూర్చునే పళ్లెం కూడా కొలుచుకున్నాడు.

చంద్రిక అతన్ని ఒక్క క్షణం ఎగతాళి లేకుండా చూసింది.

గురువారం బెంగళూరు వెళ్లి గాజు అడుగున్న పెట్టె తీసుకున్నాడు. శుక్రవారం తిరిగొస్తుంటే ఊరి బయట ఖనిజం లారీల వెనక బస్సు ఆగిపోతే దిగి రెండు కిలోమీటర్లు నడిచాడు. తలనుంచి కాళ్లదాకా ఎర్రగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, పెట్టె చొక్కా లోపల.

“ఆడనే నిలబడప్పా. ల్యాబంతా శాంపిలు చేస్తావు” అంది. పెట్టె అందుకునేటప్పుడు ఆమె చేతికీ ఎరుపు అంటింది.

శనివారం పొద్దున ఫోను చేసి పిలిచింది. ఈసారి కణాలు అంచులతో సహా తేటగా కనిపించాయి. కొన్నిటి కడుపులో ఎర్రటి రవ్వలు. ఇంద్రసేన చాలాసేపు కన్ను తీయలేదు.

“ఈ ఫొటోలు మా నాయనకు చూపిస్తా” అన్నాడు. “లారీల మీద టార్పాలిన్ గట్టిగా కప్పమంటే ఇనడు. ఇది చూస్తే ఇంటాడేమో.”

“నేనూ వస్తా. నువ్వు చెప్తే అన్నీ తప్పులే.”

“నిన్ను ఏమని చెప్పల్ల? కస్టమరనా?”

“కస్టమర్లందరికీ రెండు కిలోమీటర్లు నడుస్తావా?”

“లే. నీకొక్కదానికే.”

బొమ్మ తేటగానే ఉన్నా చంద్రిక మరికాసేపు మైక్రోస్కోపు మర తిప్పుతూనే ఉంది.

“అయితే ఆ మాటే చెప్పు” అంది.