కారు పిన్ని పెట్టించిన టర్బో

ఆ పొద్దున కూడా కారు పిన్ని ఎప్పటిలాగే అద్దాల మీద మంచు తుడిచి, ఇంజను స్టార్ట్ చేసి, అది గొంతు సవరించుకునేదాకా ఆగింది. తర్వాత వీధి చివర లెక్కల మాస్టారినీ, ఆయన భార్యనీ, పక్క సందులో బట్టలు కుట్టే ఆవిణ్ణీ ఎక్కించుకుని కొండమీది ఆసుపత్రికి బయల్దేరింది. మోకాళ్ళు అరిగినవాళ్ళకీ, నడుం పట్టేసినవాళ్ళకీ అక్కడ వ్యాయామాలు చేయిస్తారు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. అక్కణ్ణించి పైకి చేర్చడం పిన్ని పని. ఆ పనితోనే కొడుకుని చదివించింది, పెళ్ళి చేసింది. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ కారు పిన్నే.

రెండో మలుపు దగ్గర కారు మొరాయించింది. మొదటి గేరు వేసినా ముక్కుతూ మూలుగుతూ అక్కడే నిలబడిపోయింది.

"నేను దిగుతాలే అమ్మా, బరువు తగ్గుతుంది" అంటూ మాస్టారు చేతికర్ర ఆనించుకుని దిగిపోయారు.

"వద్దు మాస్టారూ, ఇంకోసారి చూస్తాను."

"ఏం పర్లేదు. నాలుగడుగులేగా."

నాలుగడుగులు కాదు. మలుపు దాటేదాకా ఆయన రొప్పుతూ నడుస్తుంటే, పిన్ని పక్కనే కారుని నత్తలా పాకించింది. మోకాళ్ళ వైద్యానికని తీసుకొచ్చి ఆ మోకాళ్ళతోనే కొండెక్కించినందుకు ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి కొడుకు టిఫిన్ ప్లేటు పక్కకి జరిపాడు. అతనిది బీమా కంపెనీలో ఉద్యోగం. గుద్దుకున్న కార్లు చూసి, ఇది బాగవుతుంది, ఇది తుక్కుకి పోవాలి అని తేల్చడం అతని పని. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. మిక్సీ ఓ క్షణం మూలిగితే చాలు, దాని పని అయిపోయిందనేస్తాడు.

"దాని పని అయిపోయిందమ్మా. అమ్మేద్దాం."

"అమ్మేసి?"

"అమ్మేసి ఏముంది, హాయిగా ఇంట్లో కూర్చో. అరవై దాటాయి నీకు."

"కూర్చుంటే వచ్చే హాయి నాకొద్దురా. నాకు తిరిగితేనే హాయి."

"టర్బో పెడితే ఎక్కుతుంది అత్తయ్యా."

ఇద్దరూ తలతిప్పి చూశారు. గుమ్మంలో క్యారేజీ పట్టుకుని కోడలు నిలబడి ఉంది. లారీల టర్బోలు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్ ఆ పిల్ల. గోళ్ళ కింద ఎప్పుడూ ఓ నల్లటి గీత ఉంటుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమున్న కోడలు రావాలని పిన్ని కోరిక. ఆ అసంతృప్తి ఆవిడ పైకి అనలేదు కానీ, పెళ్ళయిన దగ్గర్నించీ అత్తాకోడళ్ళ మధ్య కరెంటు పోయిందా, నీళ్ళొచ్చాయా అన్నవి తప్ప మాటల్లేవు.

"అదేం చేస్తుంది?" అడిగింది పిన్ని.

"సైలెన్సర్లోంచి పొగ ఊరికే బయటికి పోతోంది కదా. ఆ పొగ ఊపుతో ఓ చక్రం తిప్పుతాం. అది ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజన్లోకి గాలి తోస్తుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు కలిస్తే బలం పెరుగుతుంది."

"అంటే పారేసే పొగతోనే చాకిరీ చేయించుకోవడమన్నమాట! ఇంత వృథా లేకుండా పని చేసేవాళ్ళు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను."

కోడలు ఫక్కున నవ్వింది. కొడుకు నవ్వలేదు.

"పాత ఇంజను నోట్లో గాలి కుక్కితే పగిలి చస్తుంది. పైగా రవాణా ఆఫీసు అనుమతి లేకుండా మారిస్తే బీమా చెల్లదు."

"ఎక్కువ కుక్కితేనే పగిలేది. కొంచెం చాలు" అంది కోడలు.

"అనుమతి నేను తెచ్చుకుంటాను. అది వచ్చేదాకా ఎవర్నీ ఎక్కించుకోను. ఇంకేమైనా ఉందా?" అంది పిన్ని లేచి నిలబడి. ఇంకా చాలా ఉందన్నట్టు చూశాడు కానీ, ఆఫీసుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

సెలవు రోజుల్లో షెడ్డులో పని మొదలైంది. కోడలు ఓ చిన్న కారు టర్బో సంపాదించి, విప్పి, కడిగి, కొత్త బేరింగులు వేసింది. ఇంజను తల ఊడదీసి, లోపలి ఒత్తిడి తగ్గేలా కింద మందపాటి గ్యాస్కెట్ రేకు పరిచింది. టర్బోకి నూనె అందడానికి సన్నటి గొట్టం లాగింది. వేడెక్కిన గాలిని చల్లబరచడానికి ముందు వైపు చిన్న రేడియేటరు లాంటిది బిగించింది. పిన్ని స్పానర్లు అందిస్తూ, బోల్టులు తుడుస్తూ, మధ్యమధ్య సలహాలు పారేస్తూ ఉండేది. ఆ పిల్ల చేతులు ఎంత నెమ్మదిగా, ఎంత కచ్చితంగా కదులుతాయో ఇన్నాళ్ళూ చూడనే లేదని ఆవిడకప్పుడు తోచింది.

చివర్లో కోడలు ఓ గొట్టం మధ్యలో ఉన్న చిన్న స్క్రూ చూపించింది. "దీన్ని మాత్రం ముట్టుకోకండి అత్తయ్యా. బిగించేకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. మన ఇంజను ఎంత తట్టుకుంటుందో లెక్క చూసి పెట్టాను."

పిన్ని తలూపింది. కానీ కారుని కొండెక్కించి చూసే రోజు పొద్దున్నే, షెడ్డులో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. కొడుకు కూడా వెనకాలే బండి మీద వస్తానన్నాడు. వాడి కళ్ళముందు కారు కొండని ఓ ఊదు ఊదెయ్యాలి. స్క్రూడ్రైవరు తీసి ఇంకాస్త బిగించింది.

వెనక సీట్లో మనుషుల బరువుకి బదులు ఇసుక బస్తాలు, పక్కన కోడలు. మొదటి మలుపు ఎప్పుడు దాటిందో తెలియలేదు. రెండో మలుపు దగ్గర పిన్ని యాక్సిలరేటర్ నొక్కగానే ముందు నించి సన్నటి ఈల వినిపించింది. వెనక నించి ఎవరో రెండు చేతులూ పెట్టి తోసినట్టు కారు ఎగబాకింది.

"చూశావా! చూశావటే!" అని కేక పెట్టింది పిన్ని.

అంతలో ఇంజన్లో గులకరాళ్ళు గిలకొట్టినట్టు చప్పుడు మొదలైంది.

"అత్తయ్యా, కాలు తియ్యండి! తియ్యండి!"

ఇంకొక్క మలుపేగా అనుకుంది పిన్ని. కాలు తియ్యలేదు. టప్పుమని ఏదో పేలి, బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి ఎగజిమ్మింది. కారు ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది.

కొడుకు బండి పక్కన పడేసి పరిగెత్తుకొచ్చాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ముందు తల్లిని చెయ్యి పట్టి బయటికి లాగాడు. తర్వాత భార్య మీద విరుచుకుపడ్డాడు.

"లారీలు బాగుచేసినంత మాత్రాన పెద్ద ఇంజనీరువైపోయావా? ఇందులో మా అమ్మ ఉందన్న ఇంగితం లేదా? ఇక షెడ్డు గడప తొక్కావంటే ఊరుకోను!"

కోడలు అప్పటికే బానెట్ ఎత్తి లోపలికి చూస్తోంది. ఆ చూపు ఓ చోట ఆగింది. ఒక్క క్షణం పిన్ని వైపు తిరిగింది. ఏమీ అనకుండా బానెట్ మూసేసింది.

పిన్ని నోరు తెరవబోయింది. కొడుకు ఎదుట, ఈ ఒక్కసారి, మాట పెగల్లేదు. కారుని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు తుక్కు కొనేవాడి లారీ హారన్ మోగింది. కొడుకే పిలిపించాడు. పిన్ని ఆదరాబాదరా షెడ్డుకి వెళ్ళేసరికి, కోడలు తన స్పానర్లన్నీ పెట్టెలో సర్దుకుంటోంది.

"గ్యాస్కెట్టే పోయింది అత్తయ్యా. మిగతాదంతా బాగానే ఉంది. వేరేవాళ్ళెవరైనా సరిచేసి పెడతారు."

"స్క్రూ చూశావు కదూ?" అంది పిన్ని.

కోడలు పెట్టె మూత వేసింది.

"చూసి కూడా ఎందుకు చెప్పలేదే? అన్ని మాటలు ఎందుకు పడ్డావు?"

"తప్పు నాదనుకుంటే ఆయన నన్ను షెడ్డులోంచి పంపేస్తారు, అంతే. నాకు పొద్దున లేస్తే వర్క్‌షాపుంది. మీరని తెలిస్తే మిమ్మల్ని జన్మలో స్టీరింగు పట్టనివ్వరు. మీకు ఇదొక్కటేగా ఉన్నది."

కోడలు ఈ ఇంటికొచ్చిన రోజు నించీ పిన్ని ఏ చేతులు చూసి మొహం చిట్లించుకుందో, ఆ చేతులు తన కోసం తప్పు నెత్తిన వేసుకున్నాయి. కళ్ళనీళ్ళు కొంగుతో ఒక్క తుడుపు తుడుచుకుని, విసవిసా గేటు దగ్గరికి నడిచింది.

లారీవాడు గొలుసు దించుతున్నాడు. ఆ గొలుసుకీ షెడ్డుకీ మధ్య నిలబడింది పిన్ని.

"ఆ గొలుసు లోపల పెట్టు బాబూ. కారు నాది. నేనమ్మలేదు."

"అమ్మా, మళ్ళీ మొదలెట్టకు" అన్నాడు పక్కనే ఉన్న కొడుకు.

"మొదలెడతాను. నిన్న ఇంజను పోగొట్టింది నీ పెళ్ళాం కాదు, నేను. ముట్టుకోవద్దన్న స్క్రూ నీ ముందు గొప్పకి పోయి బిగించాను. ఆపమంటే ఆపలేదు. అది చూసి కూడా ఆ పిల్ల నోరెత్తలేదు. నువ్వు అంటుంటే నేను దొంగలా నిలబడ్డాను. అనాలంటే నన్నను."

కొడుకు నిర్ఘాంతపోయి షెడ్డు వైపు చూశాడు. గుమ్మంలో పెట్టె పట్టుకుని భార్య నిలబడి ఉంది.

"అంటే... నువ్వే ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. అయినా కారు వదలనంటావు!"

"వదలను. తప్పు చేశాను, సరిచేసుకుంటాను. చేసిన తప్పుకి నన్ను తుక్కులో పడేస్తానంటే ఊరుకోను."

"నిన్నెవరు పడేస్తానన్నారమ్మా!" అరిచాడు కొడుకు. "రోజూ నేను చూసేవేంటో తెలుసా నీకు? నుజ్జయిన కార్లు. సీట్ల మీద మరకలు. ప్రతి కారు తలుపూ తెరిచే ముందు నువ్వే గుర్తొస్తావు. నిన్న ఆ ఆవిరి చూసి... నీ కారు తలుపూ అలాగే తెరవాలేమో అనుకున్నాను."

పిన్ని కొడుకుని తేరిపార చూసింది. వాడు తనని పెద్దదైపోయిందని తీసేస్తున్నాడనే అనుకుంది ఇన్నాళ్ళూ. వాడిలో ఇంత భయం గూడుకట్టుకుందని అనుకోలేదు.

"భయం ఉంటే ఉండనీరా. అది తప్పు కాదు" అంది మెత్తగా. మళ్ళీ తల ఎత్తింది. "కానీ నీ భయానికి నేను ఇంట్లో కూర్చోను. నీకు తెలిసిన పరీక్షలన్నీ చెయ్యి. బ్రేకులు చూడు, నా కళ్ళు చూడు. లోపం చూపిస్తే దిద్దుకుంటాను. చూడకుండానే పని అయిపోయిందని మాత్రం అనకు. ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. నేను ఇప్పుడే చెబుతున్నాను." కోడలి వైపు తిరిగింది. "నన్ను క్షమించవే తల్లీ. నీ మాట వినాల్సింది."

కోడలు పెట్టె కింద పెట్టేసి ఏడ్చేసింది. కొడుకు తలొంచుకుని ఆమె దగ్గరికెళ్ళి, ఏదో చాలా నెమ్మదిగా చెప్పాడు. పిన్ని కావాలనే వినలేదు. లారీవాడు ఎవర్నీ అడక్కుండానే గొలుసు చుట్టి పెట్టేసుకున్నాడు.

కొత్త గ్యాస్కెట్ వేసేటప్పుడు షెడ్డులో ముగ్గురున్నారు. కొడుకు కారు కింద దూరి బ్రేకులు చూశాడు, టైర్లు మార్పించాడు, అనుమతి కోసం రవాణా ఆఫీసుకి తల్లిని తనే తీసుకెళ్ళాడు. స్క్రూ మీద కోడలు ఓ డబ్బీ బిగించి తాళం వేస్తుంటే, "వెయ్యి, వెయ్యి, నా చేతుల్ని నేనే నమ్మను" అంది పిన్ని.

అనుమతి వచ్చిన రోజున వెనక సీట్లో ఇసుక బస్తాల్లేవు. కొడుకూ కోడలూ ఉన్నారు. పిన్ని ఈసారి కొండని ఊదెయ్యాలని చూడలేదు. ఇంజను ఎంత ఇస్తే అంత తీసుకుంటూ, తొందర లేకుండా ఎక్కించింది. మలుపులన్నీ దాటి ఆసుపత్రి ముందు ఆగాక, అద్దంలోంచి వెనక్కి చూసింది. కొడుకు ఇంకా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

"సరేనమ్మా" అన్నాడు ఊపిరి వదిలి. "ఓ రెండేళ్ళు నడుపు. తర్వాత చూద్దాం."

"ఏం చూస్తావురా తర్వాత?" అంది పిన్ని. "రేపట్నించి నీ పెళ్ళానికి కూడా ఈ కొండ మీద కారు నడపడం నేర్పిస్తున్నాను. నేను మానేశాక నువ్వు భయపడాల్సింది ఇక దీని గురించి. అలవాటు చేసుకో."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ ముందుకి వంగి, అత్తగారి భుజం మీద తల ఆనించింది.