కవర్ పేజీ మీద మాటలు

ఆమె కిటికీ అద్దం తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోందని వదిన కనిపెట్టింది.

"అద్దం అరిగిపోతుందే. అతనొచ్చేది నిన్ను చూడ్డానికి, కిటికీని కాదు."

"నువ్వూరుకో వదినా."

బయట సన్నగా తుంపర. లోపల అన్నయ్య పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. "నీకు నచ్చితే నాకూ సరే" అని నిన్ననే తేల్చేశాడు. ఇక చెప్పాల్సింది ఆమే.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబ్‌లో. రిపోర్టులు ఫ్యాక్స్‌లో వస్తేనే ఇన్సూరెన్స్ ఆఫీసు తీసుకుంటుంది. ల్యాబ్‌లో మాత్రం ఫ్యాక్స్ మెషీన్ లేదు. వెబ్‌సైట్ తెరిచి, నంబరు కొట్టి, ఫైలు జతచేస్తే చాలు, ఫ్యాక్స్‌గా వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళ జవాబు ఆమె మెయిల్లోకి వచ్చేస్తుంది.

ప్రతి ఫ్యాక్స్‌కీ ముందుండే కవర్ పేజీలో 'రిమార్క్స్' అని ఒక గడి ఉంటుంది. గొడవ అక్కడే మొదలైంది.

"రిపోర్టు తలకిందులుగా పంపారు. శీర్షాసనం వేసి చదవాలా?" అని ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి వచ్చింది.

"వేయండి, ఒంటికి మంచిది" అని ఆమె బదులు పంపింది.

అప్పట్నుంచి ఆ గడి ఖాళీగా ఉన్న రోజు లేదు. వచ్చిన జవాబు కింద పేరుండేది కాదు, 'క్లెయిమ్స్ డెస్క్' అని మాత్రమే. ఒక వానరోజు వచ్చిన మాట ఆమెకి నిద్ర లేకుండా చేసింది: "మీ రిపోర్టు తడవకుండా చేరింది. మరి మీరు?"

తర్వాత క్లెయిమ్స్ డెస్క్ నుంచి అంటూ అతను ఫోన్ చేశాడు. బయట రెండుసార్లు కలిశారు. పెద్దగా మాట్లాడలేదు. రాసే మనిషికి నోరు తక్కువేమోనని సరిపెట్టుకుంది.

అతను వచ్చాడు. టీ అందిస్తూ వదిన ఆటపట్టించింది. "రిపోర్టు తడవలేదని రాశారట. మా పిల్ల వారం రోజులు నేల మీద నడవలేదు."

అతను నవ్వేశాడు. "అది నాది కాదండీ. మా సెక్షన్ పెద్దాయనది. మొన్నే కూతురి పెళ్ళి చేశారు."

"అంటే?" అంది ఆమె.

"మా ఫ్యాక్సులన్నీ ఒకే మెయిల్లో పడతాయి కదా, అందరికీ కనిపిస్తాయి. మీది వస్తే ఎవరికి తీరికుంటే వాళ్ళు జవాబు కొట్టేవాళ్ళు. మీకు తెలుసనుకున్నాను."

"నేను రాసినవి అందరూ చదివేవారా?"

"పైకే చదువుకునేవాళ్ళం. మంచి కాలక్షేపం."

"శీర్షాసనం?"

"క్యాషియర్ మేడమ్‌ది."

"మరి మీరెందుకొచ్చారు?"

"పెళ్ళికానివాణ్ణి నేనొక్కణ్ణే. కలిసి చూడమని వాళ్ళే తోశారు." అతను కప్పు కింద పెట్టాడు. "కలిశాక మాత్రం మీరు నాకు నిజంగానే నచ్చారు."

అందులో అబద్ధం లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. అందుకే మరీ చేదుగా ఉంది.

"మీరు రాసినవి ఏవి?"

"'రిపోర్టు అందింది, థాంక్స్' అని వచ్చేవి నావే. నాకు రాయడం రాదండీ."

అలాంటివి చాలానే వచ్చాయి. ఆమె వాటిని చూసీ చూడకుండా డిలీట్ చేసేది.

అన్నయ్య పేపరు మడిచాడు. "ఏమంటావమ్మా?"

"ఈయన మంచివారే అన్నయ్యా," అంది ఆమె నెమ్మదిగా. "కానీ నేను ఇష్టపడ్డ మనిషి ఎక్కడా లేడు."

అతను ఆమె వైపు చూశాడు. ఏదో అంటాడనే ముగ్గురూ ఎదురుచూశారు, అందరికన్నా ఎక్కువగా ఆమె. అతను లేచి, గుమ్మం దగ్గర కూర్చుని తడి బూట్లకి లేసులు కట్టుకున్నాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయాడు.