తాబేలు పేట అబ్బాయి, నత్త పేట అమ్మాయి

"ఏవండీ, ముందు ఆ రుమాలు తీసేయండి!"

రూతా ఉలిక్కిపడింది. ఇటలీలోని సియెనా చేరి వారం కూడా కాలేదు. ఫిబ్రవరి వాన, ఏటవాలు సందు, కాళ్ళ కింద జారే రాళ్ళు. గొడుగు లేక, సంతలో కొన్న పసుపూ నీలం రుమాలు నెత్తిన కప్పుకుని పరుగెడుతుంటే ఈ గిరజాల జుట్టు అబ్బాయి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎందుకు తీయాలి? డబ్బులిచ్చి కొనుక్కున్నాను."

"అదే తప్పు! అది మా తాబేలు పేట రుమాలు. ఈ ఊళ్ళో ప్రతి పేటకూ ఓ గుర్తు, ఓ రుమాలు. కొనుక్కునేది కాదు, పేటవాళ్ళు మన మెడకు కట్టాలి. నాకు ఊయల్లో ఉండగానే కట్టారు."

"మరి నా తల తడిస్తే మీ తాబేలొచ్చి తుడుస్తుందా?"

అబ్బాయి తన గొడుగు ఆమె చేతిలో పెట్టి, రుమాలు తీసుకుని, తడుస్తూ వెళ్ళిపోయాడు. మలుపులో వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం ఎంత వెతికినా దొరకదు.

మర్నాడు పాత గోడబొమ్మలకు మరమ్మతు నేర్పే తరగతిలో పక్క బల్ల దగ్గర అతనే! పేరు దూచో. పేటకు డోలు వాయిస్తాడట.

"నా గొడుగు?" అన్నాడు.

"కొనుక్కున్నది కాదుగా, మీరిచ్చారు. ఇక నాదే."

ఒక్క సెమిస్టర్ చదువుకని లిథువేనియా నుంచి వచ్చిన పిల్లకు వసంతం ఎటు పోయిందో తెలియలేదు. సాయంత్రాలు ఊరి ఇటుక గోడలన్నీ పండిన నారింజ రంగుకు తిరిగేవి. ఊరి నడుమ ఇటుకలు పరిచిన, వాలుగా ఉన్న పెద్ద కూడలిలో ఇద్దరూ వెల్లకిలా పడుకుని పైన తిరిగే పిట్టల్ని చూసేవాళ్ళు. దూచో వేళ్ళు నేల మీద మెల్లగా దరువు వేసేవి. వెచ్చటి ఇటుకల్లోంచి ఆ దరువు ఆమె వీపుకు అందేది. అలా కళ్ళు మూసుకుని ఉండిపోవాలనిపించేది.

"జూలైలో మీ పేటల గుర్రప్పందెం అవగానే నా రైలు," అంది ఓసారి.

"పందెం కానీ. నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు చెబితే నా దరువు తప్పుతుంది."

ఆ మాటేమిటో రూతాకు తెలుసు. తెలిసినా, అతని నోట వినందే రైలెక్కకూడదనుకుంది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. ఆమె అద్దెకుంటున్న ఇల్వా బామ్మది నత్త పేట. జూన్‌లో పేట విందు నాడు బామ్మ అందరి ముందూ ఆమె మెడకు ఎర్ర రుమాలు కట్టింది. "నా వంట తిన్నావు, నా తిట్లూ తిన్నావు. ఇక మా పిల్లవే!" రూతా పొంగిపోయింది.

తాబేలుకూ నత్తకూ తరాల పగ. రెండూ నత్తనడకవే కదా, పోటీ దేనికని మాత్రం అడక్కండి.

పందెం కోసం పేటలకు గుర్రాలు పంచిన రోజు నుంచీ దూచో మాట్లాడటం మానేశాడు. సందులో ఎదురైతే "దూచో!" అని చెయ్యూపింది. ఎర్ర రుమాలు కేసి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గోడకవతల డోలు మాత్రం పొద్దస్తమానం మోగుతూనే ఉంది.

రూతా వంటింట్లో భోరుమంది. "ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పొచ్చుగా బామ్మా!"

టమాటాలు తరుగుతున్న బామ్మ కత్తి పక్కన పెట్టింది. "ఓసి పిచ్చి మొహమా! మా ఆయనెవరనుకున్నావ్? తాబేలు పేటే! పందెం రోజులొస్తే మూటా ముల్లే సర్దుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోయేవాడు. నేనూ పలకరించేదాన్ని కాదు. పందెం మర్నాడు రొట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. పోయేదాకా అంతే."

"మీరంటే ఈ ఊరివాళ్ళు. నేను పరాయిదాన్నిగా!"

"పరాయిదానివైతే వాడు నవ్వుతూ మాట్లాడేవాడే! నిన్ను నత్త పేట పిల్లవని లెక్కేశాడు, అందుకే మూతి ముడిచాడు. ముందే చెప్పాలని ఆ దద్దమ్మకు తోచలేదు. మాకిది ఉగ్గుపాలతో వచ్చేది మరి!"

రూతాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కానీ బామ్మ అన్నట్టే అతను వస్తాడా?

పందెంలో తాబేలూ గెలవలేదు, నత్తా గెలవలేదు. ఎదుటివాడు ఓడాడు, అది చాలని రెండు పేటలూ హాయిగా పడుకున్నాయి.

తెల్లారేసరికి సన్నటి వాన. రూతా పెట్టె సర్దుకుని కిటికీ దగ్గర కూర్చుంది. తలుపు చప్పుడైంది. గుమ్మంలో దూచో. చంకలో రొట్టె, జుట్టు నిండా నీళ్ళు.

"ఇన్ని రోజులు ఏడిపించావు నన్ను!"

"ఏడ్చావా?" అతని మొహం పాలిపోయింది. "ఎందుకు? పందెం రోజుల్లో అంతేగా? అందరికీ తెలుసు కదా!"

"అందరికీ! నేను లిథువేనియాలో పుట్టాను, దూచో!"

"మర్చిపోయాను," అన్నాడు మెల్లగా. "నువ్వు ఇక్కడి దానివి కావని నిజంగా మర్చిపోయాను."

రూతా కోపం ఆ ఒక్క మాటకు కరిగిపోయింది.

"చెబుతానన్న మాట?"

"ఆగస్టులో మళ్ళీ పందెం. అప్పుడూ నీతో మాట్లాడను. ఏడాదిలో మిగతా రోజులన్నీ మాత్రం నీతోనే మాట్లాడాలని ఉంది. నువ్వంటే నాకు ప్రాణం. ఉండిపోతావా?"

"ఉంటుంది గానీ," వంటింట్లోంచి బామ్మ కేకేసింది, "పుట్టే పిల్లలు నత్త పేటకే!"

"తాబేలు పేటకే!" దూచో అంతకన్నా గట్టిగా అరిచాడు.

"ముందు నన్ను రైలు టికెట్ రద్దు చేసుకు రానివ్వండి, తర్వాత కొట్టుకుందురు గాని," అంది రూతా. తలుపు వెనకున్న గొడుగు తీసి, విప్పి, సగం అతని మీద పట్టింది.