యాభై రెండేళ్ల పెళ్లికొడుకు

జగిత్యాల కొత్త బస్టాండు ఎదురుగా చందు పన్నెండు అడుగుల ఎత్తున నవ్వుతున్నాడు. చుట్టూ ద్రాక్షతీగలు, చేతిలో మందు గోలీల డబ్బా. కింద ఎర్రటి అక్షరాలు: 'నా వయసు 52. నమ్మలేకపోతున్నారా?'

శ్రీలత నిజంగానే నమ్మలేకపోయింది.

కోరుట్లలో స్నేహితురాలి పెళ్లిలో ఆమె పట్టుచీర మీద కూల్‌డ్రింకు ఒలకబోసి, దానికి సారీ చెప్పడం పూర్తిచేయడానికి నెల రోజులు ఫోన్లు చేసిన మనిషి ఇతడే. ఇరవై ఎనిమిదని చెప్పాడు. వచ్చే ఆదివారం అతని తల్లిదండ్రులు పెళ్లిమాట మాట్లాడటానికి వస్తున్నారు. ఆమె తండ్రి హన్మంతుకు యాభై. అంటే అల్లుడు మామకంటే రెండేళ్లు పెద్ద.

తను పనిచేసే మెడికల్ షాపు చేరేదాకా కూడా ఆగలేక రోడ్డు మీదనుంచే ఫోన్ చేసింది.

"చందూ, నీకు ఎన్నేండ్లు?"

"ఇరవై ఎనిమిది. ఏంది, పొద్దుగాల్నే గిట్ల అడుగుతున్నవ్?"

"బస్టాండ్ కాడ యాభై రెండని రాసున్నది."

సంగతి ముక్కముక్కలుగా బయటపడింది. చందు సిరిసిల్లలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. వయసు తగ్గించే గోలీలు అమ్మే ఆయన తొందరపెట్టాడు, ఫొటోకు రావలసిన మనిషి రాలేదు, ఓనరు నీ మొహమే పెట్టెయ్యమన్నాడు. హైదరాబాదులో కడతారన్నారట. అక్కడ తనను ఎవరు గుర్తుపడతారని పెట్టేశాడట.

"ఏమైతది శ్రీలతా, ద్రాక్షపండు తోలేగద. చెట్టుమందు."

"గన్నేరు గూడ చెట్టే."

ఆపైన షాపుకొచ్చిన మనిషికి చెప్పినట్టే ఓపిగ్గా చెప్పింది. ద్రాక్షపండు తినడం వేరు, దాని సారమంతా గోలీలో కుక్కి మింగడం వేరు. ఎలుకల మీద కొంత మంచి కనబడిందట. మనుషుల మీద జరిగినవి చిన్న పరీక్షలు, వాటి ఫలితాలూ ఒకదానితో ఒకటి కలవవు. వయసు వెనక్కి పోయిందని ఎవరూ రుజువు చేయలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొద్దిగా వాడితే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు మాత్రం రక్తస్రావం భయం ఉంది. చందు ఊఁ కొడుతూ విన్నాడు. పెళ్లయ్యాక కూడా ఇంత బుద్ధిగా వింటాడా అని ఆమెకో అనుమానం.

పెళ్లయితే కదా. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి హన్మంతు కూడా ఫ్లెక్సీ చూసి వచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడి ఉన్నాడు. చందు పంపిన ఆధార్ కార్డు ఫొటోను ఫోన్‌లో దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూశాడు.

"యాభై రెండైతే ముసలోడు. ఇరవై ఎనిమిదైతే అబద్ధాలోడు. ఇద్దరిల ఎవన్ని అల్లునిగ తెచ్చుకోమంటవ్ బిడ్డా?"

ఆదివారం వాళ్లను రావద్దని చెప్పమన్నాడు.

ఆ ఇంట్లో చందు పక్షాన నిలబడింది హన్మంతు తల్లి, బాపమ్మ లింగవ్వ ఒక్కతే. ఆమె లెక్క ఆమెది. యాభై రెండుకే ఇంత నిగనిగలాడేవాడు నూరేళ్లకు కూడా ఇట్లాగే ఉంటాడు, ఇంకేం కావాలి?

"పది రోజులకింద కోరుట్లల గా బొమ్మ చూసి నేను గూడ ఆ డబ్బా తెప్పిచ్చుకున్న. రోజు రెండు మింగుతున్న."

బాపమ్మ గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి. రక్తం పల్చబడే గోలీ తప్పకుండా వేసుకుంటుంది. శ్రీలత చేతులు పట్టి చూస్తే మోచేతి కింద నీలిమచ్చలు. పొద్దున పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం కూడా వచ్చిందట. పాత రక్తం పోయి కొత్తది వస్తోందని ఆమె సంబరపడింది.

ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఆ గోలీలు వెంటనే మాన్పించి, సమయానికి తెచ్చారు, భయం లేదన్నాడు. శ్రీలత చందును తిట్టలేదు. బాపమ్మ ఆ గోలీలే మింగిందని రాసి, నీలిమచ్చల చేతి ఫొటో పంపింది, అంతే. అతని నుంచి ఒక్క అక్షరం రాలేదు. గంటకు పది మెసేజ్‌లు పెట్టే మనిషి.

మరునాడు మధ్యాహ్నం, సన్నగా వాన. యాభై రెండేళ్లాయన బస్టాండు దగ్గర నిచ్చెనెక్కాడని షాపుకొచ్చినవాళ్లెవరో నవ్వుతూ చెప్పారు. శ్రీలత గొడుగు పట్టుకుని పరుగెత్తింది.

చందు పైన నిలబడి తాళ్లు కోస్తున్నాడు. సిరిసిల్లలోది, కోరుట్లలోది అప్పటికే విప్పేశాడు. ఆ రెండూ చాపల్లా చుట్టి నిచ్చెన కింద పడి ఉన్నాయి. రేపటి నుంచి పనికి రావద్దని ఓనరు చెప్పేశాడట. బస్సు దిగినవాళ్లు ఫ్లెక్సీలో మొహాన్నీ నిచ్చెన మీద మొహాన్నీ మార్చి మార్చి చూస్తూ, నిజంగా యాభై రెండేనా, డబ్బా ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్లకూ అతను ఆగి చెబుతున్నాడు.

"ఇరవై ఎనిమిది. గా గోలీ ఒక్కటి గూడ నేను మింగలే. అబద్ధం నాదే. మీ ఇంట్ల ఎవరన్న మింగుతుంటే ముందుగాల డాక్టర్‌ను అడుగుండ్రి."

ఒకావిడ అతన్ని ఎగాదిగా చూసి, ఇరవై ఎనిమిదికైతే జర ఎక్కువే కనబడుతున్నాడని తేల్చి వెళ్లిపోయింది.

గాలి కొట్టింది. సగం ఊడిన ఫ్లెక్సీ తెరచాపలా ఎగిరి నిచ్చెనను పక్కకు లాగింది. శ్రీలత గొడుగు వదిలేసి దూకింది. కానీ అప్పటికే రెండు చేతులు నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాయి. హన్మంతువి. అంగీ ఒంటికి అతుక్కుపోయి ఉంది. అంత తడవాలంటే ఆయన ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి వింటున్నాడో.

ఆయన కూతురి వైపు చూడలేదు. తల పైకెత్తాడు.

"పైలంగ దిగు అల్లుడా, మెట్లు తడిసినయ్."

ఆ వానలో, అంత గాలిలో తొణకకుండా నిలబడ్డ చందు, ఆ మాటకు జారాడు.