ఊగని ట్యాంకు

"భాయ్... బ్రేక్!"

పక్కసీట్లోంచి అరుపు. లింబాద్రి బలంకొద్దీ తొక్కుతాడు. పొగమంచులోంచి రోడ్డు మీదికి దూకిన కోతుల గుంపు చెల్లాచెదురవుతుంది. అంత పెద్ద మోటర్‌హోమ్ అడ్డంగా జారి, లోయ అంచుకు జానెడు దూరంలో ఆగుతుంది.

వెనక వంటగదిలో గిన్నెలు దబదబా పడతాయి.

లింబాద్రికి కోతుల ధ్యాస లేదు. ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు.

ఏదీ... ఆ తోపు ఏదీ?

ట్యాంకు నిండా నీళ్లుంటే, బ్రేకు పడ్డాక అవి ఊగి బండిని ఒక్క తోపు తోస్తాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు.

ఇవాళ లేదు!

మీటరు మాత్రం ఫుల్ చూపిస్తోంది.

మరి లోపలున్నది ఏంటి?

పొద్దున సౌదీలోని అభాలో బయల్దేరినప్పుడు ఎండ మాడ్చేసింది. నమాస్ ఊరు దాటగానే వడగళ్లు. ఇప్పుడేమో సాయంత్రాన్నే చీకటి చేసేసిన మంచు. ఈ కొండల్లో దేన్నీ నమ్మడానికి లేదు.

బండి కఫీల్‌ది, అంటే పనిలో పెట్టుకున్న సౌదీ యజమానిది. తాయిఫ్‌లో ఆయన మనుషులకు అప్పజెబితే లింబాద్రి డ్యూటీ అయిపోయినట్టే. ఎల్లుండి ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి. ఆర్మూర్‌లో కూతురు నడక కూడా నేర్చేసింది. ఇంకా ఒక్కసారైనా ఎత్తుకోలేదు.

ఈ దారిన ట్యాంకుల్లో దాచి తరలించేది మత్తుమాత్రలే. అవి బండిలో దొరికితే? ఈ దేశంలో తల పోతుంది!

ఓరగా పక్కసీటు వైపు చూస్తాడు.

అల్తాఫ్. గ్యారేజ్ మెకానిక్, లాహోర్ వాడు. నిన్న ఈ బండిని రిపేర్ చేసింది అతనే. పిలవకుండానే వచ్చి ఎక్కాడు. దారి పొడుగునా లింబాద్రినే చూస్తున్నాడు. ఒళ్లో సంచి కిందపెట్టడు!

అద్దంలో తెల్ల పికప్ ఒకటి. నమాస్ నుంచి వదలట్లేదు. వీళ్లు ఆగితే అదీ దూరంగా ఆగింది.

"మగ్రిబ్ హో గయా. దో మినట్ రుకో భాయ్."

అల్తాఫ్ సంచిలోంచి చాప తీసి దిగుతాడు. రోడ్డు పక్కన ఆరిన చోటు వెతుక్కుని సాయంత్రపు నమాజుకు నిలబడతాడు.

వెనకనుంచి ప్రేమలత వస్తుంది. కఫీల్ ఇంట్లో వంటమనిషి, రాజోలు వైపు ఆవిడ.

"దెబ్బేం తగల్లేదు కదా తమ్ముడూ?"

తెలుగు మాట వినబడితే లింబాద్రికి సగం భయం పోతుంది. తమ్ముడూ అన్నాక ఇక దాపరికం ఎక్కడిది? గడగడా చెప్పేస్తాడు.

"ట్యాంక్ల నీళ్లు లేవక్కా. గీడు ఏదో పెట్టిండు. ముందల చెక్‌పోస్ట్ ఉన్నది, పోలీసులకు చెప్త."

ప్రేమలత మొహం పాలిపోతుంది.

"వాడు పక్కన ఉండగానా? నీ మీదకే తోసేత్తాడు! వాడు లేకుండా వెళ్లి చెప్పేద్దాం. పోనీ... పోనీ బండి!"

లింబాద్రి తటపటాయిస్తాడు. నమాజులో ఉన్న మనిషి...

కూతురు గుర్తొస్తుంది.

గేర్ వేసేస్తాడు!

అద్దంలో అల్తాఫ్ చాప వదిలేసి పరుగెత్తుతున్నాడు. రెండు చేతులూ ఊపుతున్నాడు. మంచు అతన్ని మింగేస్తుంది.

మలుపు తిరగ్గానే ఫోన్ మోగుతుంది. లింబాద్రి స్పీకర్ నొక్కుతాడు. రొప్పుతూ అల్తాఫ్ గొంతు, ఉర్దూలో...

"భాయ్, ఆ ఆడమనిషే! మాత్రలు ట్యాంకులో పెట్టించింది ఆమే. గ్యారేజ్‌లో నా కళ్లతో చూశా. నువ్వూ ఆమె మనిషివేమోనని చెప్పలేదు. చెక్‌పోస్టులో పోలీసులకు..."

కీచుమని బ్రేకు. కారు తలుపు చప్పుడు.

"కౌన్ హై? నహీ... నహీ!"

ఫోన్ కట్!

లింబాద్రి అద్దంలోకి చూస్తాడు. వెనక పికప్ లేదు.

మెడకు చల్లటి ఇనుము తగులుతుంది.

"ఆపకు తమ్ముడూ. ఫోన్ ఇలా ఇచ్చెయ్యి."

అదే మెత్తటి గొంతు!

పక్కసీట్లోకి వచ్చి కూర్చుంటుంది. నిఖాబ్ దించుకుంటుంది. పిస్తోలు అబాయా కిందకు పోతుంది, గురి మాత్రం అతని డొక్క మీదే.

"ఆడమనిషిని చూత్తే ఫ్యామిలీ అనుకుని వదిలేత్తారు. నోరు మూసుకో. ఎల్లుండి నీ కూతుర్ని ఎత్తుకుంటావు."

"అల్తాఫ్‌ను ఏం జేస్తున్నరు?"

"వానలు కదా. కొండల్లో ఎవరో ఒకరు జారిపడతానే ఉంటారు."

అతన్ని వాళ్ల చేతికి అప్పజెప్పింది ఎవరు? తనే! దేవుడికి దండం పెట్టుకుంటున్న మనిషిని రోడ్డు మీద వదిలేసి పారిపోయాడు. లింబాద్రికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

చెక్‌పోస్టు.

పోలీసు కిటికీలోకి వంగుతాడు. నిఖాబ్ కనబడగానే మర్యాదగా చూపు తిప్పేసుకుంటాడు.

"ఫ్యామిలీ?"

"ఫ్యామిలీ," అంటుంది ప్రేమలత.

పోలీసు వెళ్లమని చెయ్యి ఊపుతాడు. గేటు లేస్తుంది. అవతల మంచు లేదు. రోడ్డు ఖాళీ. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఇంటికి పోవచ్చు.

వెనక్కి పోతే అల్తాఫ్ ఇంకా బతికి ఉండొచ్చు.

పొట్టకు పిస్తోలు గట్టిగా గుచ్చుకుంటుంది.

"పోనీ!"

లింబాద్రి ఇంజన్ ఆపేస్తాడు. తాళంచెవి లాగి కిటికీలోంచి పోలీసు కాళ్ల దగ్గరకు విసిరేస్తాడు.

"సదీక్! నా సదీక్‌ను, నా దోస్తును సంపుతున్నరు! ఎన్క... ఘాట్ల... ఉరుకుండ్రి!"

అబాయా కిందనుంచి... ఢాం!