టేపు వేసిన తలుపు

బొమ్మల దుకాణం వెనక గది మంచిది కాదని అందరూ అనేవాళ్లు. అక్కడ పనిచేసే ముసలి పెయింటరు ఓ రాత్రి తలుపు బిగించుకుని కూర్చున్నాడు. తెల్లారి తలుపు పగలగొడితే మనిషి ఉన్నాడు, ప్రాణం లేదు. అప్పట్నుంచి చీకటి పడ్డాక ఆ గదిలో ఒంటరిగా ఎవరూ ఉండరు.

మా బావకి అలాంటి పట్టింపులు లేవు. ఇంటి గేటు తుప్పు పట్టింది, రంగు వేయమని అక్క నెత్తీనోరూ కొట్టుకున్నా కదలడు. అరచేతిలో పట్టే యుద్ధ ట్యాంకుకి మాత్రం కొత్తగా రంగు వేసి, దానిమీద బురద, మసి, తుప్పు పూసి, పాతదానిలా కనబడేదాకా వదలడు!

మర్నాడే బొమ్మల పోటీ. ఆఖరి వార్నిష్ పూత ఒక్కటే మిగిలింది. తడి వార్నిష్ మీద నలుసు పడితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఆ రాత్రి బావ దుకాణం వెనక గదిలో చేరి, కిటికీ మూసి, తలుపు సందులన్నిటికీ లోపల్నుంచి వెడల్పాటి ప్యాకింగు టేపు అంటించాడు. ఒకదాని మీద ఒకటి... దుమ్ము దూరకుండా. ఫోను బయట చార్జింగులో ఉంది.

వార్నిష్ కొడుతుంటే వాసన నెత్తికెక్కింది. కళ్లు మండాయి. ఇక చాలనుకుని లేచేసరికి — కరెంటు పోయింది.

తడుముకుంటూ తలుపు దగ్గరికెళ్లి లాగాడు. కదల్లేదు. టేపు పీకుదామంటే చివర దొరకదే! నున్నటి టేపు, వేళ్లకి వార్నిష్ జిడ్డు... గోళ్లు జారిపోతున్నాయి. గట్టిగా అరిచాడు. దుకాణం ఓనరు భోజనానికి వెళ్లాడు. బావకి భయమేసింది. అక్క గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇక్కడే పోతానా అనుకున్నాడు.

అప్పుడు... సరిగ్గా వెనకాల... ఎవరో దగ్గారు.

"కాస్త జరుగు..."

అంతే, ఇంకేం తెలీదు.

కళ్లు తెరిచేసరికి దుకాణం బల్ల మీద ఉన్నాడు. ఓనరు అట్టముక్కతో విసురుతున్నాడు.

"తలుపు తోశాను, వచ్చేసింది. మీరు మూల పడున్నారు" అన్నాడు.

"మరి టేపు?"

"టేపేంటి?"

అక్క పరుగున వచ్చింది. తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. "మైకంలో నువ్వే పీకేసుంటావు, గుర్తులేదంతే" అని తేల్చేసింది. నిజమే కాబోలని మేమూ ఊరుకున్నాం.

పొద్దున ట్యాంకు తేవడానికి నేను వెళ్లాను. వెనక గదిలో బల్ల అంచుకి టేపు ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కటీ చిరగలేదు. ప్రతి ముక్క చివరా, గోటికి దొరికేలా కాస్త లోపలికి మడిచి ఉంది. మా బావ టేపు పీకితే ఉండచుట్టి విసిరేసే రకం.

ఓనర్ని పిలిచి చూపించాను. గడప దాటలేదు.

"ముసలాయన పద్ధతి ఇది" అన్నాడు. "దుమ్ముకి భయపడి ఆయనా తలుపుకి టేపు వేసుకునేవాడు, ఎప్పుడూ చివర మడిచే వేసేవాడు. ఆ ఒక్క రాత్రే... మడవడం మర్చిపోయాడు."